పన్ను కట్టిన పడవ

అడిగిన కాగితం చేతికొస్తే ఎవరైనా సంతోషిస్తారు. చలపతికి మాత్రం ఆ సాయంత్రం ఫోనులో బిల్లు ఫోటో చూడగానే గుండె జారిపోయింది.

బిల్లులో వంక పెట్టడానికేమీ లేదు. పడవ పేరు, ఇంజను నంబరు, కొన్న తేదీ, కట్టిన పన్ను, అమ్మిన కంపెనీ ముద్ర, అన్నీ ఉన్నాయి. పంపినావిడ పేరు రేవతి. ఉండేది మాల్టా దీవిలో. భర్తది విశాఖపట్నం, ఓడ కెప్టెనుగా చేసి అక్కడే స్థిరపడి, రెండేళ్ల కిందట పోయాడు. ఆయన మోజుపడి కొన్న తెరచాప పడవను అమ్మేసి, కెనడాలో అక్క దగ్గరికి వెళ్లిపోవాలని ఆవిడ ఉద్దేశం. ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టిన ఆ పడవ చలపతి కంటబడింది.

చలపతిది కాకినాడ. ముప్ఫై ఏళ్లు ఓడల్లో ఇంజనీరు. పెళ్లి మాటెత్తితే ఈ ఓడ దిగాక చూద్దాంలే అనేవాడు. దిగి చూసుకునేసరికి జుట్టు నెరిసింది, సంబంధాలు చూసేవాళ్లూ పోయారు. విమానాశ్రయం దగ్గరుంటే ఏ దేశపు రేవుకైనా ఎగిరివెళ్లి ఓడ అందుకోవడం సులువని శంషాబాద్‌లో ఫ్లాటు కొన్నాడు. ఇప్పుడు ఆయన ఎక్కే విమానమూ లేదు, ఆయన కోసం దిగే మనిషీ లేడు. నెత్తిమీద నుంచి జనం మాత్రం పోతూనే ఉంటారు. ఈ నాలుగు గోడల మధ్య ముసలితనం వెళ్లదీయలేక, ఉన్నదంతా ఊడ్చి ఆ పడవ కొని, అందులోనే బతుకుదామనుకున్నాడు.

అయితే పాత పడవకు డబ్బుంటే చాలదు. ఐరోపా రేవుల్లో తిరగాలంటే దానిమీద ఒకసారి పన్ను కట్టినట్టు రుజువుండాలి. లేకపోతే ఏ రేవులోనో అధికారి పట్టుకుని, ఎప్పుడో ఎవరో కట్టవలసిన పన్నును కొన్నవాడి మెడకు చుడతాడు. అందుకే చలపతి మొదటిసారి ఫోను చేసి, "పన్ను బిల్లు ఉందాండీ?" అని అడిగాడు. అది న్యాయంగా అడిగినదే.

బిల్లు భర్త ఎక్కడ పెట్టాడో ఆవిడకు తెలియదు. వెతుకుతూ, దొరికినవి రోజూ ఫోనులో చెప్పేది. ఈ పెట్టెలో అన్నీ డీజిల్ రసీదులేనండీ. ఈ సంచిలో ఆయన కళ్లద్దాలు దొరికాయండీ. ఇక్కడ గోంగూర దొరకదు, మీకేం, అదృష్టవంతులు. చలపతి సాయంత్రమయ్యేసరికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫోను ముందు కూర్చునేవాడు. ఫోనులో చొక్కా కనబడదని ఆయనకు తెలియక కాదు.

ఇప్పుడు బిల్లు దొరికింది. ఇక ఏమని ఫోను చెయ్యాలి? భర్త పోయిన ఆడమనిషికి పరాయి మగవాడు పనిలేకుండా ఫోను చెయ్యడం ఆయన పెరిగిన ఇంట్లో ఎరగరు. కాబట్టి పని కావాలి.

"బిల్లు బాగానే ఉందండీ," అన్నాడు మర్నాడు. "కాకపోతే ఆ డబ్బు కంపెనీకి చేరినట్టు బ్యాంకు కాగితం కూడా ఉంటే నిశ్చింత."

"అదీ కావాలాండీ?" అంది రేవతి. "సరే, వెతుకుతాను."

ఆ మాటతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

కింది ఫ్లాటులో ఉండే శ్రావణ్‌కుమార్ విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాడు. సంగతి విని నవ్వాడు. "నేను బెంగుళూరు బండి కొన్నప్పుడు గిట్లనే ట్యాక్స్ కాయితం అడిగిన అన్నా. అమ్మినోడు చూపెట్టిండు, పైసలిచ్చిన, బండి తెచ్చుకున్న. నీకు బిల్లొచ్చింది గదా, ఇగ ఏంది పరేషాన్?"

"జాగ్రత్త మంచిది కదయ్యా."

"గట్ల అనుమానపడితే ఎట్లనే అన్నా? అనుమానం పెనుభూతం అంటరు."

అనుమానమే అయితే ఎంత బాగుండేది! బ్యాంకు కాగితం చూసి తీర్చుకునేవాడు. చలపతికి బిల్లుమీద నమ్మకం పూర్తిగా ఉంది. కొంటే సంతకం, డబ్బు, నమస్కారం, అంతటితో సరి. పడవ తన చేతికొస్తుంది, ఆ గొంతు కెనడా పోతుంది.

బ్యాంకు కాగితమూ వచ్చింది. ఈసారి ఆయన, పడవ ఇన్నేళ్లూ ఐరోపా దాటి వెళ్లలేదని రేవు వాళ్ల చేత రాయించి పంపమన్నాడు.

రేవతి సరేననలేదు. "హార్బరు కిరాయి నెలనెలా మీదపడుతోందండీ. అది భరించలేకే అమ్ముతున్నాను. కొంటారా కొనరా, ఒక మాట చెప్పండి."

"కొంటానండీ, తప్పకుండా కొంటాను. ఆ ఒక్క కాగితం..."

అంటూనే సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా ఆ కాగితం వద్దని మాత్రం అనలేకపోయాడు.

తరవాత ఫోను రాలేదు. ఆయన చేస్తే ఎత్తలేదు. ఆదివారం సాయంత్రం ఆవిడే చేసింది.

"బోటు అమ్మేశానండీ. ఈ ఊరాయనే వచ్చి, బిల్లు చూసి, డబ్బిచ్చి తీసుకెళ్లాడు."

"ఆ బిల్లొక్కటీ చాలన్నాడా?"

"చాలన్నాడు. చాలని మీకూ తెలుసు కదండీ. ముప్ఫై ఏళ్లు ఓడల్లో తిరిగినవారు."

చలపతి ఫోను ముందే తల దించుకున్నాడు. పడవ పోయినందుకు కాదు, దొరికిపోయినందుకు.

"నాతో మాట్లాడటానికి కాగితం ఎందుకండీ, చలపతిగారూ?" అంది రేవతి. గొంతులో కోపం లేదు. "ఊరికే చేస్తే నేను మాట్లాడనా?"

అయితే ఇకమీదట ఊరికే చెయ్యనా అని అడిగితే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. ఏదో అంటాడని ఆగినట్టుంది, ఊపిరి వినబడుతోంది.

"మంచిదండీ. ప్రయాణం జాగ్రత్త," అన్నాడు చలపతి, పనిమీద ఫోను చేసిన మనిషిలాగానే.

ఆవిడ మరికాసేపు ఆగి, ఫోను పెట్టేసింది.