చీటీ మీద రెండో చెయ్యి

"ఇవాళ నువ్వు నాన్న గది ఛాయలకి కూడా రాకు," అన్నాడు భర్త, ఆమె టీ వడకడుతుంటే. "తనిఖీకి వచ్చేవాళ్లకి, ఆయన వెనక నిన్ను కాపలా పెట్టినట్టు కనిపించకూడదు."

ఆమె తలూపింది. ఆ ఇంట్లో ఆమెకి బాగా అలవాటైన పని అదే. ఇంటి కిందే క్లినిక్. బోర్డు మీద మావగారి పేరు, దాని కింద భర్త పేరు. ఆమె కూడా వాళ్ల డాక్టరు చదువే చదివింది. మూడో పేరు పెడితే బోర్డు ఇరుకైపోతుందని అత్తగారు ఎప్పుడో నవ్వుతూ తేల్చేసింది.

మూడేళ్ల కిందట మావగారి చూపు మందగించింది. ఆయన రాసిన మోతాదు ఒకటి తప్పాక భర్త ఓ ఉపాయం కనిపెట్టాడు. బరువు చూసే యంత్రాన్ని గది బయట, ఆమె బల్ల పక్కన వేయించాడు. ఎక్కడైనా బరువు చూసి మందు రాస్తారు. ఇక్కడ మందు రాశాక బరువు చూస్తారు. రోగి యంత్రం ఎక్కి దిగేలోపు ఆమె చీటీ అందుకుని, తప్పుంటే దిద్దేది. మావగారికి ఈ సంగతి తెలియదు. ఆయన హస్తవాసి చెక్కుచెదరలేదని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంటే, ఆమె వినీ విననట్టు కలం మూత బిగించుకునేది.

ఈ పొద్దున లేస్తూనే భర్త ఆ యంత్రాన్ని లోపలికి మార్పించాడు. తనిఖీ రోజు ఏ వస్తువు ఉండాల్సిన చోట అది ఉండాలి మరి. క్లినిక్ అద్దంలా మెరుస్తోంది. ఉన్న ఒక్క భద్రతా ఊడిపోయింది.

ఆరోగ్య శాఖ నుంచి తనిఖీకి వచ్చినావిడ నిదానస్థురాలు. మందుల ఫ్రిజ్ తెరిచి చూసింది. వాడేసిన సూదుల డబ్బా మూత లాగి చూసింది. మావగారి గదిలో కాసేపు కూర్చుని, ఆయన మాటతీరుకి ముచ్చటపడుతూ బయటికొచ్చింది. భర్త మొహం వెలిగిపోయింది. టీ తెమ్మని ఆమెకి కళ్లతోనే చెప్పాడు.

ఆమె ట్రే పట్టుకొచ్చేసరికి, మూడు నెలల పాపని భుజానేసుకున్న ఓ తల్లి మందుల కిటికీ దగ్గర జ్వరం చుక్కల సీసా అందుకుంటోంది. "ఇంత పిల్లకి ఐదు ఎమ్మెల్లంట," అని గొణుక్కుంది. "పెద్ద డాక్టరు గారు రాశాక ఇంకేముందిలే."

ఆమె ట్రేతోనే అటు తిరిగింది. ఆ పాపకి అర ఎమ్మెల్ చాలు.

అడుగు వేయబోతే భర్త మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ మాట అతని చెవినా పడింది. "ఇప్పుడు కాదు," అన్నాడు పెదవులు కదపకుండా. "తనిఖీ ఆవిడ వెళ్లగానే ఆ తల్లికి ఫోన్ చేద్దాం. నాన్న పరువు ఆలోచించు."

పాప గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి ఇంటిదాకా ఆగేలా లేదు. బెంచీ మీద కూర్చుని సీసా మూత తిప్పుతోంది.

ఆమె ట్రేని భర్త చేతుల్లో పెట్టింది. దాన్ని పట్టుకోవాలంటే ఆమెని వదలక తప్పలేదు. నాలుగు అంగల్లో బెంచీ చేరి, పాప నోటి దాకా వెళ్లిన మందుని ఆపింది.

"పట్టకమ్మా. ఇది ఎక్కువ."

వరండా అంతా ఇటు తిరిగింది. భర్త ట్రేతోనే ముందుకొచ్చాడు. "మా ఆవిడకి కొంచెం కంగారెక్కువండీ," అని నవ్వబోయాడు. తనిఖీ ఆవిడ చీటీ తీసుకుని చూసింది గానీ అతన్ని చూడలేదు.

"ఇలా ఇదివరకెప్పుడైనా జరిగిందా?" అని ఆమెనే అడిగింది.

ఇదే మొదటిసారి అంటే సరిపోతుంది. సాయంత్రానికి యంత్రం బయటికొచ్చేస్తుంది. అందరూ కడుపు నిండా అన్నం తింటారు. మళ్లీ రేపట్నుంచి ప్రతి పసివాడి ప్రాణమూ, ఆమె రెప్ప వేయకుండా కూర్చోవడం మీదే ఆధారపడుతుంది. ఆమెకి జ్వరమొచ్చిన రోజున ఎవరు చూస్తారో ఈ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. ఇన్నాళ్లూ ఆమె కూడా ఆలోచించలేదు.

మావగారు గుమ్మంలోకి వచ్చారు. "ఏంటమ్మాయ్, నా మందుకేమైంది?" ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే. అదే ఆమెని ఒక్క క్షణం తడబడేలా చేసింది.

"రోజూ జరుగుతుందండీ," అంది తనిఖీ ఆవిడతో. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"మూడేళ్లుగా మీ చీటీలు నేను దిద్దుతున్నాను మావయ్యగారూ. ఇక దిద్దను. మీరు రాయొద్దు."