చిన్న సిలిండర్

విభూది బుధవారానికి ముందురోజు మా ఆయన పాత ఫ్రిజ్ తలుపుకి కుళాయి బిగించారు. లోపల స్టీలు డ్రమ్ము, దాని నిండా ఆయన ఇంట్లోనే కాచి పులియబెట్టిన బీరు. బార్లీతోపాటు ఉయ్యూరు బెల్లం కూడా వేశారు. పక్కన మోకాలెత్తు సోడా గ్యాసు సిలిండరు, దాన్నుంచి డ్రమ్ముకి పైపు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో రిటైరయ్యేదాకా పైపులు బిగించిన చేతులు ఊరికే ఉండవు.

"గ్యాసు మెల్లగా బీరులోకి దిగాలి, అదే దాన్ని కుళాయిలోకి తోస్తుంది. తపస్కాలం అయ్యేదాకా నేను ముట్టను. ఈస్టర్‌నాడు మొదటి గ్లాసు నీకే, తెరేసా."

"నాకెందుకండీ ఆ కంపు!"

"ఒక్క గుక్క. ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను. కానా పెళ్లిలో ప్రభువు నీళ్లని ద్రాక్షరసం చేశాడు, మజ్జిగేం చెయ్యలేదుగా!"

ఇది ఇంట్లో ఉండడం పాపమేమోనని గుణదల గుళ్లో ఫాదర్ గారితో పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను.

"నువ్వు తాగావామ్మా?"

"లేదు ఫాదర్."

"అయితే ఆయనవి ఆయన చెప్పుకుంటాడు. నీవి చెప్పు."

ఆ శుక్రవారమే తెల్లారి ఆయన నిద్రలేవలేదు. గుండె నిద్రలోనే ఆగిందన్నారు డాక్టరు గారు.

"ఆ డ్రమ్ము పారబోసెయ్యి అక్కా," అంది మా చెల్లెలు శౌరమ్మ. చేతులు రాలేదు. ఆయన మొదలుపెట్టి వదిలేసిన పని ఇంట్లో అదొక్కటే. ముప్పై ఏళ్లు కాదన్న ఆ గుక్క కోసం ఈస్టర్ దాకా ఎదురుచూశాను. ఇది కూడా ప్రార్థనేనా ప్రభువా అని అడిగాను కూడా.

ఈస్టర్ పూజ నుంచి వస్తూనే గ్లాసు పట్టి కుళాయి తిప్పాను. రెండు చుక్కలు పడి ఆగిపోయింది.

ఆయనతో పనిచేసిన సాయిగణేష్‌కి ఫోన్ చేస్తే పరుగున వచ్చాడు. వంగి చూశాడు.

"సిలిండరు కట్టేసుంది వదినా. ఎవరు కట్టేశారు?"

"నేనే. రాత్రి వంట గ్యాసుతోపాటు దీన్నీ కట్టేశాను. కట్టకపోతే నాకు నిద్రపట్టదు."

"ఇది మండే గ్యాసు కాదు వదినా! బిగించిన రోజే కట్టేశారా?"

"ఆ రోజూ, బుధవారం, గురువారం..."

అంటుంటే తట్టింది. ఒకసారి కట్టేసింది మర్నాడు రాత్రికి మళ్లీ తెరిచి ఎలా ఉంది? పొద్దున్నే ఆయన తెరిచేవారు. నన్నొక్క మాట అనలేదు. గురువారం రాత్రి కట్టేసింది మాత్రం అలాగే ఉండిపోయింది.

"పాడైపోయిందా సాయీ?"

"చల్లగానే ఉందిగా, పాడవదు. గ్యాసు దిగలేదంతే. ఇప్పుడు తెరిచి ఉంచితే ఇంకో పది రోజులు."

"ఉండు, నేను తిప్పుతాను."

చిన్నగా సుయ్‌మంది.

రాత్రి వంట గ్యాసు కట్టేసి, అలవాటుగా ఫ్రిజ్ పక్కన వంగి చెయ్యి వేశాను. పొద్దున్నే తెరవడానికి ఆయన లేరు. చెయ్యి తీసేసి, దీపం ఆర్పి వెళ్లి పడుకున్నాను.