ఆర్డిత్ పూల చిక్కుడు

రోజూ పొద్దున్నే ఆర్డిత్ కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చి, కంచె అవతల వాగు వైపున ఉన్న చిక్కుడు పాదుకి నీళ్లు పోసేది. కూరకి పెంచే చిక్కుడు కాదది, పూలకోసం పెంచుకునేది. పువ్వు ఊదా, కాయ ఊదా, కాడ కూడా ఊదాయే. పక్కింటి మోజెల్ అత్త పిడికెడు గింజలు చేతిలో పోస్తే ఆర్డిత్ తలూపి తీసుకుంది తప్ప థాంక్స్ అనలేదు. టెనెసీ కొండల్లో గింజకీ మొక్కకీ ఎవరూ థాంక్స్ చెప్పరు. చెప్పి తీసుకున్నది మన దగ్గర వేరు పట్టదు.

తమ్ముడు డోయల్ నాష్‌విల్‌లో ఉండి ఉండి ఈ సంగతే మర్చిపోయాడు. తల్లి పోయిన నెలకి అక్కాతమ్ముళ్లు వకీలు ముందు కూర్చుని ఆస్తి పంచుకున్నారు. పంచుకోవడం ఏమిటి నా మొహం, వాడు లాక్కున్నాడు. కంచెకి రోడ్డు వైపు నేల వాడిది, వాగు వైపు నేల అక్కది, ఏ నేల మీద ఏది నిలబడి ఉంటే అది ఆ నేలవాళ్లదే అని దగ్గరుండి రాయించాడు. ఇల్లు ఎటున్నదో వాడికి తెలియదా! పంతొమ్మిదేళ్లు మంచం పట్టిన తల్లికి అన్నీ ఎత్తిపోసింది ఆర్డిత్. ఇల్లేమో ఏడాదికోసారి వచ్చి కేకు ముక్క తినిపోయే వాడికి! సంతకాలయ్యాక వాడు అక్క భుజం తట్టి, "ఇంటిని ఇన్నాళ్లూ నాకోసం చూసిపెట్టావు. థాంక్స్ అక్కా" అన్నాడు. ఆ థాంక్స్ చెవిన పడగానే వకీలు కలం కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూశాడు. సాక్షిగా వచ్చిన మోజెల్ అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆర్డిత్ పల్లెత్తు మాట అనలేదు. కోపం వస్తే నోరు మూతపడిపోయే మనిషి. ఆ కోపమంతా పాదులోకి దిగింది. తీగ కంచె దాటొచ్చి వసారా స్తంభాలు చుట్టుకుంది, చూరు పట్టుకుంది, జూన్ వచ్చేసరికి ఇంటిని తనవైపు లాగడం మొదలెట్టింది. రాళ్ల దిమ్మల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు రోజుకి జానెడు జరిగేది. పోస్టాయన నాలుగడుగులు ఎక్కువ నడిచి ఉత్తరాలిచ్చేవాడు. గొట్టాలాయన వారానికోసారి వచ్చి నీళ్ల గొట్టానికి కొత్త ముక్క అతికేవాడు. "ఇవాళ మూరెడు జరిగిందే, డోయల్ ఫోన్ చేశాడా ఏం?" అనడిగేది మోజెల్ అత్త.

చేశాడు మరి. మంచు పడేలోగా ఖాళీ చెయ్యమన్నాడు. అమ్మ కుర్చీ పారెయ్యమన్నాడు. కొనేవాళ్లకి ఆ పిచ్చి తీగ నచ్చదు, కోసెయ్యమన్నాడు. కోసింది కూడా, వెర్రిబాగులది. మధ్యాహ్నానికల్లా తీగ మళ్లీ చూరెక్కింది.

అక్టోబరులో వాడు సర్వేయర్‌ని వెంటబెట్టుకుని దిగాడు. సర్వేయర్ రెండుసార్లు కొలిచి, ఇల్లు మొత్తం కంచె గీత దాటి ఆవిడ నేల మీదే ఉందన్నాడు.

"అదెప్పుడూ నాదేనయ్యా" అన్నాడు డోయల్.

"ఎప్పటి సంగతో నాకు తెలీదు సార్. నేను ఇవాళ కొలిచాను. మీ వైపు రాళ్ల దిమ్మలున్నాయి, అవి మీవి."

డోయల్ మొహం కందగడ్డయింది. అయినా సర్దుకుని, నవ్వు పులుముకుని వసారా మెట్టు మీద కాలు పెట్టాడు. మనం మనం ఒకటి, లోపల కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు.

ఆర్డిత్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మ ఆఖరి వారం నీళ్లు మింగలేకపోతే దూది తడిపి పెదాలకి అద్దాను. నీకు ఫోన్ చేస్తే వేట రోజులు, రాలేనన్నావు. సిగ్గులేదట్రా నీకు? కాలు తియ్యి."

"అంత మాటంటావేమిటక్కా?"

"ఇంకా ఏమన్నాను? ఇప్పుడేగా మొదలెట్టింది."

భోజనాల వేళ దాకా ఆపలేదు. పంతొమ్మిదేళ్లదీ వరసగా, ఏ ఏడుది ఆ ఏడు, కడిగి పారేసింది. సర్వేయర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని విన్నాడు. డోయల్ వెనక్కి వెనక్కి నడిచి కారెక్కాడు.

మర్నాడు పొద్దున ఇల్లు ఉన్నచోటే ఉంది. ఆ మర్నాడూ అంతే. ఆర్డిత్ గొట్టాలాయన్ని పిలిచి, ఈసారి గొట్టం గట్టిగా బిగించి పైన సిమెంటు పోసెయ్యమంది.