ఉర్రాకా అడుగు గొంతు

స్పెయిన్‌లో దూయెరో ఏటి ఒడ్డునున్న ఒక మఠంలో రోజూ పొద్దున ముగ్గురు కన్యాస్త్రీలు కలిసి పాడితే మూడు పాటలు ఒకేసారి వినిపిస్తాయి. పై గొంతు సాంచాది, మరియమాతను పొగుడుతుంది. నడిమి గొంతు మెన్సియాది, సోమరి పాద్రీలను దులిపేస్తుంది. ఇద్దరివీ గబగబా సాగే లాటిన్ పద్యాలు. అడుగు గొంతు ఉర్రాకాకు ఉన్నది మాత్రం "దోమినో", ప్రభువుకు, అన్న ఒక్క మాట. దాన్నే పాత ప్రార్థన బాణీలో సాగదీసి, బాణీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి, మొత్తం రెండు చుట్లు పాడాలి.

"నీకేం అక్కా, ఒక్క మాటతో పొద్దు గడిపేస్తావు," అనేది మెన్సియా.

"ఆ మాట నేను వదిలేస్తే నువ్వెక్కడ నిలబడతావే?"

ఉర్రాకా లాగిన స్వరాలు సాయంత్రం దాకా వరసగా గాలిలో దూలాల్లా నిలిచి ఉండేవి. పిచ్చిక వాలితే సన్నగా మోగేవి. వంటింటి తోదా తడి తువ్వాళ్ళు వాటి మీదే ఆరేసుకునేది. పాపం తోదాకు చదువు రాదు. ముప్పై ఏళ్ళుగా గుమ్మంలో నిలబడి వినడమే గానీ పాడే హక్కు లేదు.

ఈ ఏడు ఉర్రాకాకు ఊపిరి చాలడం లేదు. "మరియమాత పండగనాడు రెండు చుట్లూ నిలబెట్టావా, సరే. లేదంటే ఇక రోగుల గదిలోనే నీ చోటు," అని మఠాధిపతి అమ్మగారు తేల్చేసింది. ఆ రోజు నుంచి ఉర్రాకాకు ముద్ద దిగలేదు. పాడటం తప్ప ఆమెకు ఇంకేం తెలుసు గనక!

పండగనాడు మొదటి చుట్టు చక్కగానే సాగింది. ధ్యాసంతా ఊపిరి మీదే పెట్టిందేమో, చుట్ల లెక్క తప్పింది. రెండూ అయిపోయాయనుకుని హాయిగా నోరు మూసుకుంది. పైవాళ్ళకింకా సగం పద్యం ఉంది. సాంచా గొంతు వణికింది. ఉర్రాకాకు అప్పుడు తెలిసింది. మళ్ళీ అందుకుందామంటే ఊపిరి రాలేదు.

తోదా గుమ్మం దాటి లోపలికొచ్చింది. గాలిలో నిలిచి ఉన్న మొదటి స్వరం మీద అరచెయ్యి ఆనించింది. అది ఉర్రాకా గొంతుతోనే మోగింది. దేన్ని ఎంతసేపు నిలపాలో అంతసేపూ నిలిపి, పక్కదాని మీదికి జరిగింది. ఆమెకెవరు నేర్పారు? ముప్పై ఏళ్ళు విన్నది కదా. ముగ్గురి పాటా ఒక్కచోటే ముగిసింది.

అమ్మగారు, "రేపట్నుంచి ఉర్రాకా ఒక్క చుట్టే పాడుతుంది. రెండోది తోదాది," అంది.

"నేను వంటమనిషినమ్మా," అంది తోదా. "పాడేవాళ్ళ బల్లల మీద నాకు చోటెక్కడిది?"

ఉర్రాకా నలభై ఏళ్ళుగా తనొక్కతే కూర్చున్న అడుగు గొంతు బల్ల మీద కాస్త పక్కకు జరిగింది.