ఒక్క వాక్యం చాలన్న బావగారు

బావగారు టీ తాగాక, నానిపోయిన బిస్కెట్ ముద్ద కప్పు అడుగున వదిలేస్తారు. దాన్ని వేలితో తీసి కడగాల్సింది ఇంట్లో ఆడవాళ్లం. ఆ ఉదయం ఆ కప్పు తెచ్చి నా కీబోర్డు పక్కన పెట్టి, "డాక్టర్లకు రిపోర్టు రాసెయ్యమ్మా. తప్పు గోరింకదని రాయి, చాలు" అన్నారు. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. కప్పు చూసో, మాట వినో చెప్పలేను.

మా ఇంటి కింది అంతస్తే ఆఫీసు. పళ్ల డాక్టర్ల అపాయింట్‌మెంట్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ చేస్తాం. బావగారు, అంటే మా ఆయన అన్న, నడిపిస్తారు. లెక్కలు ఆయన భార్యవి. నాకు తోడికోడలు, అక్కా అని పిలుస్తాను. గోరింక మా ప్రోగ్రామర్ పిల్ల, నన్ను వదినా అంటుంది. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. ఈమధ్య కోడ్ పని చాలావరకు ఏఐ ఏజెంటే చేస్తోంది. దానికి కొన్ని టూల్స్, అంటే ఒక్కో పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, ఇచ్చాం. ఏ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడకూడదో మామూలు మాటల్లో రాసిపెట్టడం నా పని. టూల్ లోపల ఏముందో ఏజెంటుకు కనబడదు. నేను రాసింది చదివి నమ్ముతుంది, అంతే.

అపాయింట్‌మెంట్లు తుడిచేసే టూల్ ఒకటుంది. దానికి ఇలా రాశాను: "క్లినిక్ పేరు ఇవ్వకపోతే అన్ని క్లినిక్‌లవీ తుడిచేస్తుంది. పోయినవి తిరిగి రావు. ముందు మనిషిని అడగాలి."

డాక్టర్లకు చూపించాలని బావగారు ఒకరోజు అవన్నీ చదివారు. ఆయన దేన్ని చదివినా కరపత్రం చదివినట్టే చదువుతారు.

"పోయినవి, తిరిగి రావు... ఏమిటమ్మా ఈ ఏడుపు? చూసినవాడు పారిపోతాడు. తెలివైన మెషీన్, దానికి ఇంత చెప్పాలా? ఒక్క వాక్యం చాలు" అంటూ మొత్తం కొట్టేసి, 'అనవసరమైన అపాయింట్‌మెంట్లను వేగంగా తొలగిస్తుంది' అని పెట్టారు. వద్దన్నాను. నవ్వారు.

మొన్న గోరింక, తను ప్రయత్నానికి పెట్టుకున్న ఉత్తుత్తి క్లినిక్ అపాయింట్‌మెంట్లు తీసెయ్యమని ఏజెంటుకు చెప్పింది. అది ఆ వాక్యం చదివింది. ఏవి అనవసరమో టూల్‌కే తెలుసు కాబోలనుకుని క్లినిక్ పేరు ఇవ్వకుండానే నడిపేసింది. అందరి బుకింగులూ ఊడ్చుకుపోయాయి. చెంపలు వాచినవాళ్లంతా ఒకేసారి వచ్చి పడ్డారని డాక్టర్లు ఫోన్లో దుమ్మెత్తిపోశారు.

ఇప్పుడు గోరింక తన కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

"రాసెయ్యి వదినా. ఎలాగూ తీసేస్తారు. నోరు మూసుకుని పోతే వేరే ఆఫీసులో నా గురించి మంచిమాట చెప్తానన్నారు."

"ఇన్ని క్లినిక్‌లు ముంచిందని రాశాక ఏం మంచిమాట చెప్తారే?"

"పళ్లు శుభ్రంగా తోముకుంటుందని." నవ్వబోయి ముక్కు చీదింది. "ఈ ముద్ర పడితే నన్నెవరు పెట్టుకుంటారు వదినా?"

బావగారిని పిలిచాను. "రాస్తాను. ముందు ఒకటి చూడండి" అన్నాను. అక్క కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. నకలు డేటా మీద, గోరింక చెప్పిన మాటే అక్షరం పొల్లుపోకుండా ఏజెంటుకు ఇచ్చాను. బావగారి వాక్యంతో అది క్షణంలో అన్నీ తుడిచి, పని పూర్తయిందంది. నా వివరణ తిరిగి పెట్టి మళ్లీ అదే అడిగాను. ఈసారి ఆగింది. 'ఉత్తుత్తి క్లినిక్‌వి మాత్రమే తుడుస్తాను. తిరిగి రావు. సరేనా?' అని అడిగింది.

బావగారు నా పెన్ను తీసుకుని చెవిలో తిప్పుకున్నారు. "అయితే మాత్రం? ఆ పిల్ల చూసుకోవద్దూ?"

"ఏం చూసుకుంటుంది?" అంది అక్క. "పెళ్లయిన దగ్గర్నుంచీ 'ఆ పని చూడు' అంటారు. ఏ పనో చెప్పరు. పొరపాటైతే చుట్టాలందరికీ నా తెలివి గురించి చెప్తారు. నేనంటే పడ్డాను. ఈ పిల్లకేం ఖర్మ?"

"ఇంటి గొడవ ఇక్కడెందుకే?"

"ఇదీ ఇంట్లోదే. కంపెనీలో సగం నా పేరున ఉంది. ఈ పిల్ల పేరు రాసిన రిపోర్టు మీద నా సంతకం పడదు. తీసేస్తే జీతాలూ మీరే చూసుకోండి."

ఆయన పెన్ను కొస చూసుకుని, చొక్కాకు తుడిచి, నా బల్లమీద పెట్టారు. ఈలోగా ఫోను మోగింది.

"నమస్కారం డాక్టరుగారూ! ఇకమీదట మనిషిని అడగనిదే మెషీన్ దేన్నీ ముట్టదు. అవునండీ, ప్రతి మాటా నేనే దగ్గరుండి రాయించాను. మొన్నటిదా? మెషీన్ కదండీ, ఒక్కోసారి దానికీ తిక్క రేగుతుంది. మావాళ్లా? అబ్బే, మావాళ్లు బంగారం!"

గోరింక నా చెవిలో, "వదినా, ఉద్యోగం ఉన్నట్టేనా?" అంది.

"ఉంది."

పిల్ల ముఖం వెలిగిపోయింది. పరుగున వెళ్లి బావగారి ఎదుట నిలబడి, ఫోను పెట్టేదాకా ఆగి, "చాలా థాంక్సండీ" అని రెండు చేతులూ జోడించింది. ఆయన పెద్దమనసుతో తలూపారు. నేను చూడలేక ముఖం తిప్పుకున్నాను.