తెల్లగీత ఉన్న వైపు

సీసాను కదిలించే ముందు ఆమోసు దాని పైవైపు తెల్లని మైనపు పెన్సిలుతో చిన్న గీత గీశాడు. నూట పదేళ్లుగా ఏ వైపు పైకి పెట్టుకుని పడుకుందో ఇకమీదటా ఆ వైపే పైకి ఉండాలి. అడుగున పేరుకున్న మడ్డి కదిలిందంటే లోపలి వైన్ అంతా కలకబారుతుంది, కొనుక్కున్నవాడి మనసూ కలకబారుతుంది. పెన్సిలు చొక్కా జేబులో పెట్టుకుని, తెల్ల నూలు గ్లోవ్స్ తొడుక్కుని, రెండు చేతులూ సీసా కిందికి పోనిచ్చి, నిద్రపోయే పసిబిడ్డను ఉయ్యాల్లోంచి తీసినట్టు తీశాడు. పక్కనే ఉన్న పేము బుట్టలో పడుకోబెట్టాడు. అంతసేపూ వేలు ఒక్కటి కూడా అదరలేదు.

బుట్ట వదిలాడు. వదిలీ వదలగానే కుడిచేయి మొదలుపెట్టింది. బొటనవేలు చూపుడువేలి మీద దొర్లుతూ, లేని పొగాకుతో చుట్ట చుడుతున్నట్టు ఆడసాగింది. ఆమోసు దాన్ని కోటు జేబులోకి తోసి, సీసాల అరల వరస చివరికి చూశాడు. అక్కడ బోర్లించిన ఖాళీ చెక్కపెట్టె మీద వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు.

నాన్న పేరు ఏసుపాదం. పోయి నలభై ఏళ్లయింది. నరసాపురం కాలువ రేవులో పడవలకు ధాన్యం బస్తాలెత్తిన మనిషి, షికాగోలో వైన్ వేలం వేసే కంపెనీ నేలమాళిగలోకి దారి ఎలా కనుక్కున్నాడో ఆయనకే తెలియాలి. కొడుకు చేయి వణకడం మొదలైన నాటినుంచీ వస్తున్నాడు. గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు. పలకడు. చుట్టూ అన్ని సీసాలున్నా ఒక్కదాని వంకా చూడడు. మోకాలి మీద కుడిచేయి పెట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ దొర్లిస్తూ కూర్చుంటాడు. ఆమోసుకు భయం వేసేది చచ్చినవాడు వచ్చినందుకు కాదు, రెండు చేతులూ ఒకేలా ఆడుతున్నందుకు.

ఏసుపాదం తాగేవాడు. ఊళ్లో అందరూ చూసిందే. పొద్దున అరుగు మీద కూర్చుంటే ఊరికే ఉన్న చేయి గడగడ వణికేది, సారా గ్లాసు చేతికిస్తే టక్కున ఆగిపోయేది. అది చూసి పిల్లలు నవ్వేవారు. చివరి రోజుల్లో మంచం పట్టాక, పాస్టరు అయ్యగారు ప్రభువు బల్ల, అంటే ప్రార్థన చేసిన రొట్టే ద్రాక్షరసమూ, ఇవ్వడానికి ఇంటికి వచ్చారు. ఆమోసు తల్లి జ్ఞానమ్మ ఎండుద్రాక్షలు నానబెట్టి, కాచి, పిండి, వడకట్టిన రసం చిన్న గిన్నెలో సిద్ధంగా పెట్టింది. ఆ పల్లెల్లో పచ్చి ద్రాక్షలు ఎవరు చూశారు, అన్ని ఇళ్లల్లోనూ బల్లకు అదే రసం. అయ్యగారు దుప్పటి మీద ఆడుతున్న చేతిని చూశారు. ఈ పూట కూడా తాగాడా అని అడిగారు. జ్ఞానమ్మ తల వంచుకుంది. అయ్యగారు గిన్నె పక్కన పెట్టి, ప్రార్థన మాత్రం చేసి వెళ్లిపోయారు. ఏసుపాదం ఆ రాత్రికే పోయాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ పద్దెనిమిదేళ్ల ఆమోసు, తగిన శాస్తే జరిగిందనుకున్నాడు.

మట్టి చేసి వచ్చాక తల్లి అతని చేత బైబిలు మీద చెయ్యి వేయించి, చుక్క కూడా నాలుకకు తగలనివ్వనని ఒట్టు పెట్టించుకుంది. పాపం, నాలుక సంగతే అడిగింది గానీ చేతుల సంగతి అడగలేదు. నర్సు ఉద్యోగం మీద భార్య రూతు అమెరికా వస్తే వెంట వచ్చిన ఆమోసుకు దొరికిన పని ఇదొక్కటే. బరువులెత్తడానికి పెట్టుకున్నారు, చేతుల నిదానం చూసి అతి పాత సీసాలు అప్పగించారు. లోకంలో ఖరీదైన వైన్ ఎంతో అతని చేతుల మీదుగా పోయింది. దాని రుచి తీపో పులుపో ఇప్పటికీ అతనికి తెలియదు. కంపెనీలో ఎవరూ ఈ మాట నమ్మరు కాబట్టి చెప్పడం మానేశాడు.

చర్చిలో వాళ్లకు మాత్రం సీసాల గోడౌన్‌లో పని అని చెప్పుకున్నాడు. అబద్ధమేమీ కాదు. షికాగో పక్కనున్న అరోరాలో ఒక తెల్లవాళ్ల చర్చి కింది గదిని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్లు ఆరాధన జరుపుకునేవారు. నెల మొదటి ఆదివారం బల్లకు రసం కాచి తెచ్చేది ఆమోసే. షాపుల్లో గ్రేప్ జ్యూస్ బోలెడంత దొరుకుతున్నా, అతని రసం నోట్లో పడితే కొందరు పెద్దవాళ్లకు కళ్లు చెమర్చేవి. అలాంటిది, రెండు వారాల కిందట ఈ వేలం గురించి పేపర్లో ఫోటో పడింది. సీసా, సీసా వెనక ఆమోసు మొహం. సంఘపెద్ద సుందర్ రాజ్ ఆ పేపరు చూశాడు. కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమోసు చేయి వణకడం అంతకుముందే చూసి ఉన్నాడు. రెండూ కలిపి లెక్క తేల్చేశాడు.

పోయిన ఆదివారం ఆమోసును పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "బ్రదర్, నెక్స్ట్ సండే మీరు బల్లకి రాకండి. జ్యూస్ మేం స్టోర్‌లో కొనేస్తాం. మీకోసం అందరం ప్రే చేస్తున్నాం."

తిట్టినా బాగుండేది. ఆ మాటల్లోని మెత్తదనమే వారమంతా ముల్లులా గుచ్చుకుంది. గిన్నె మళ్లీ పక్కకు జరుగుతోంది, ఈసారి తన ముందు నుంచి. అది రేపే.

లిఫ్ట్ కుదుపుతుందని బుట్టతో మెట్లే ఎక్కాడు. సగం ఎక్కేసరికి ఎడమ భుజం కింద ఎవరో పట్టి మెలిపెట్టినట్టయింది. ఈమధ్య తరచూ అవుతూనే ఉంది. గోడకు ఆనుకుని, బుట్టను వంగనివ్వకుండా గుండెకు హత్తుకుని, నొప్పి తగ్గేదాకా ఆగాడు. మళ్లీ ఎక్కాడు.

హాలు నిండిపోయింది. వచ్చే మంగళవారం ఎన్నికలు, అయినా ఇక్కడ ఎవరికీ ఆ గొడవ పట్టినట్టు లేదు. మేనేజర్ వాల్టర్ సైగ చేయగానే ఆమోసు బుట్ట పట్టుకుని మధ్య దారిలో నడిచాడు. పొడుగు మనిషి, కొంచెం వంగిన వీపు, బూడిదరంగు కోటు లోపల రూతు అల్లిన స్వెట్టర్. జనం మెడలు సాచి సీసాను చూశారు, అతన్ని ఎవరూ చూడలేదు. వేదిక మీద బుట్టను కాస్త ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరు చెయ్యెత్తుతుంటే ధర పెరిగింది. ఇరవై ఎనిమిది వేల డాలర్ల దగ్గర సుత్తి పడింది. అంతసేపూ అతని చేతులు రాతితో చేసినట్టే ఉన్నాయి. వెనక వరసలో మిగిలిన ఒక్క ఖాళీ కుర్చీలో కూర్చున్న నాన్న మొదటిసారి తలెత్తి ఆ చేతులకేసి చూశాడు.

కొన్నవాడు టెక్సస్ పెద్దమనిషి. సంబరంగా వచ్చి, ఇంత జాగ్రత్తగా మోశావు, లోపలిది ఎలా ఉంటుందంటావని ఆమోసునే అడిగాడు. ఎప్పుడూ తాగలేదండీ అని ఆమోసు ఉన్నమాట చెప్పాడు. ఆయన పగలబడి నవ్వి చెయ్యి చాపాడు. ఆమోసు బుట్ట బల్ల మీద పెట్టి, గ్లోవ్ తీసి చెయ్యిచ్చాడు. ఖాళీ అయిన చేయి ఆయన అరచేతిలో పిట్టలా కొట్టుకుంది. ఆయన కిందికి చూశాడు, కన్ను గీటాడు, ఈ రహస్యం మనిద్దరిదే అన్నట్టు భుజం తట్టి వెళ్లిపోయాడు. చర్చిలో పాపమైంది ఇక్కడ పరాచికమైంది, అంతే తేడా.

సాయంత్రం రైలు దిగి ఇంటికి వచ్చేసరికి రూతు నైట్ డ్యూటీకి తయారై ఉంది. అతను కోటు విప్పి, తిన్నగా వంటింట్లోకి వెళ్లి, ముందురోజు నానబెట్టిన ఎండుద్రాక్షలు స్టవ్ మీద పెట్టాడు.

"వాళ్లు కొంటామన్నారుగా. మళ్లీ ఎందుకండీ?" అంది రూతు.

"చేతికి పనుంటే ఊరుకుంటుంది," అన్నాడు ఆమోసు గరిటె తిప్పుతూ.

రూతు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇది నరాల జబ్బు, తాగుడు కాదు, డాక్టరుకు చూపించుకుందాం, చర్చిలో నేను చెప్తానని ఆమె ఆర్నెల్ల నుంచి పోరుతూనే ఉంది. అతను ఒప్పుకోలేదు. తాగుబోతన్న పేరైనా మోయగలడు గానీ, జబ్బన్న మాట ఒప్పుకుంటే దాని వెనక ఇంకో మాట వస్తుందని అతనికి తెలుసు. ఇవాళ ఆ మాట అతనే అడిగాడు.

"మా నాన్నది కూడా ఇదేనా?"

రూతు కుర్చీ స్టవ్ దగ్గరికి జరుపుకుంది. "మావయ్యగారిని నేను చూళ్లేదండీ. వణుకుతోందని తాగారో, తాగితే వణికిందో ఇప్పుడెవరు చెప్తారు? కానీ ఊరికే ఉన్నప్పుడు చుట్ట చుట్టినట్టు ఆడి, ఏదన్నా పట్టుకుంటే ఆగిపోయేదన్నారే, అది తాగుబోతుల వణుకు కాదు. వార్డులో ఎంతమందిని చూశాను."

గరిటె ఆగింది. సారా గ్లాసు కాకపోయినా ఆగేదన్నమాట. నీళ్ల చెంబు ఇచ్చినా, బైబిలు ఇచ్చినా, ఆ చిన్న గిన్నె ఇచ్చినా ఆగేది. ఇచ్చి చూసినవాళ్లు లేరు. ఆమోసు ఏడ్చాడు. నలభై ఏళ్లుగా రాని ఏడుపు అది, చప్పుడు లేకుండా స్వెట్టర్ మీదికి కారింది. రూతు లేచి స్టవ్ తగ్గించి, అతని వీపు నిమురుతూ నిలబడింది.

"రేపు నేనే లేచి చెప్తాను," అన్నాడు చివరికి. "నా సంగతే కాదు, ఆయన సంగతి కూడా. ఆయనకి బల్ల ఇవ్వకుండా పంపించేశాం రూతూ."

"చెప్దురుగాని. సోమవారం డాక్టర్ దగ్గరికి కూడా వస్తారు. అపాయింట్‌మెంట్ తీసేసుకున్నాను," అంది రూతు. అతను తలూపాడు. ఆమె కారు తాళాలు తీసుకుని వెళ్లింది.

ఆదివారం పొద్దున ఆమె తిరిగి వచ్చేసరికి ఇంట్లో చల్లారిన ఎండుద్రాక్షల వాసన. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. వడకట్టిన గుడ్డ పిండి ఆరేసి ఉంది. ఆమోసు హాల్లో కిటికీ పక్క కుర్చీలో, ఆదివారం వేసుకునే తెల్లచొక్కాతో, తల పక్కకు వాల్చి కూర్చుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని రూతు బూట్లు చప్పుడు కాకుండా విప్పింది. అప్పుడు అతని ఒడిలో కుడిచేయి చూసింది. ఖాళీగా ఉంది. బొటనవేలు కదలడం లేదు. నాడి చూడకముందే ఆమెకు తెలిసిపోయింది. ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

కబురు అంది సుందర్ రాజ్ మధ్యాహ్నం లోపే వచ్చాడు. రూతు ఏడుస్తూనే, ఒక్కొక్క మాటా ఆపి ఆపి, జబ్బు సంగతి చెప్పింది. ఆమోసు ఇవాళ లేచి చెబుదామనుకున్నదంతా చెప్పింది, ఏసుపాదం గిన్నె సంగతితో సహా. సుందర్ రాజ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నేను ఒక్క మాట అడిగి ఉండాల్సిందమ్మా," అన్నాడు. "జ్యూస్ కొన్నాను. కార్‌లో ఉంది."

"అది కార్‌లోనే ఉంచండి," అంది రూతు. "బల్లకి ఫ్రిజ్‌లోది పట్టుకెళ్లండి."

అతను వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచాడు. చెయ్యి చాపాడు గానీ, ఎలా ఎత్తాలో తెలియక మధ్యలోనే ఆపేశాడు. గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డ రూతు, నెలనెలా ఆమోసు తనకు చెప్పే మాటే, గీత పైకే ఉండాలి, రెండు చేతులూ కిందికి పోనివ్వండి అని చెప్పింది. పాల డబ్బా పక్కన, మడతపెట్టిన తువ్వాలు మీద, ఎండుద్రాక్షల రసం నింపిన సీసా తెల్లగీత ఉన్న వైపు పైకి పెట్టుకుని పడుకుని ఉంది.