ఇస్త్రీకి పోయిన బీట్

ఇస్త్రీపెట్టె ముందే వేడి చేసి పెట్టానని ఓడెల్ ఎంత మురిపెంగా చెప్పాడంటే, రెనీటాకి మొదట నిజంగానే ముద్దొచ్చాడు. పెళ్లయ్యాక అతను ఆ పెట్టెని ముట్టుకోవడం అదే మొదలు. చొక్కా మీద రుద్దడం ఒక్కటే నీకు మిగిల్చానన్నట్టు నిలబడ్డాడు. అప్పుడు చూసిందామె. నేలమాళిగలో బట్టలుతికే మెషీన్ పక్కనున్న ప్లగ్గులోంచి తన బీట్ మెషీన్ తీగ పీకేసి, ఇస్త్రీపెట్టెది గుచ్చాడు.

పొద్దున చర్చి మానేసి మరీ, ర్యాప్ పాట వెనక మోగడానికి కట్టిన బీట్ అందులో ఉంది. మూతపడుతున్న దుకాణంలో కొన్న పాత భక్తిగీతాల రికార్డులో, పాడే ముసలావిడ గుక్క తిప్పుకునే చోటు కత్తిరించి, రబ్బరు మీటలకెక్కించి, దాని కింద డ్రమ్స్ పరిచింది. ఆ మెషీన్‌కి కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం. ఫ్లాపీ డిస్కులోకి ఎక్కించుకోకుండా ఆపితే అంతా గాల్లో కలిసినట్టే. ఎక్కించబోతుంటేనే అత్తగారు మిస్ ఎర్లీన్ పైనుంచి కేకేసింది, పొయ్యి మీద కోడి మాడుతోందేమో చూడమని. చూసొచ్చేసరికి ఇదీ సంగతి.

"పోతే పోయిందిలే రెనీ, మళ్లీ కొట్టు. అదెంతసేపు?" అన్నాడు ఓడెల్.

అదెంతసేపు. ఆమె చేసే ఏ పనికైనా ఆ ఇంట్లో అదే మాట. వంటకీ అదే, ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం చేసొచ్చి మళ్లీ ఇంట్లో ఉతికే బట్టలకీ అదే. డెట్రాయిట్ పడమటి వీధుల్లో ఓడెల్ ప్రూయిట్ అంటే ర్యాప్ చేసేదీ తనే, బీట్ కట్టుకునేదీ తనే అని పేరు. ఆ మాట మొదట తమాషాకి అన్నాడు, తర్వాత అలవాటుగా అన్నాడు, ఇప్పుడు తనే నమ్మేశాడు. పెళ్లాం బీట్ మీద పాడుతున్నానంటే నలుగురూ నవ్వుతారన్నాడు. మనింటి సంగతేగా, నీ పేరైతేనేం, నా పేరైతేనేం అన్నాడు. అలాంటప్పుడు నా పేరే ఉండనివ్వచ్చుగా అని అనడానికి ఆ రోజు ఆమెకి నోరు రాలేదు. తను రాసుకున్న ర్యాప్‌ని మాత్రం బట్టల మెషీన్ గిరగిరా తిరిగే మోతలో కలిపి పాడుకునేది. ఈవిడ కింద అంతసేపు ఏం ఉతుకుతుందో నాకర్థం కాదని అత్తగారు చుట్టాలకి చెప్పుకునేది.

ఆ మధ్యాహ్నం భోజనానికి మిస్టర్ హాలిస్ వస్తున్నాడు. సొంత స్టూడియోలో ఊళ్లోవాళ్ల రికార్డులు వేసే పెద్దాయన. కొత్త బీట్ నచ్చితే రికార్డు వేస్తానన్నాడు. అట్ట మీద మాటలూ బీట్లూ ఓడెల్ ప్రూయిట్ అని ఉంటుంది. ఒకసారి అచ్చయిందంటే ఇక ఎవరికి చెప్పినా నమ్మరు. రెనీటా చొక్కా ఇస్త్రీ చేసింది. కోపంతో చేస్తే మడత ఇంకా బాగా కూర్చుంటుంది.

కోడి, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె వడ్డించారు. బీట్ ఏదని హాలిస్ అడిగాడు. అంతా పూర్తయిందనీ, చొక్కా ఇస్త్రీకని తనే ప్లగ్గు పీకితే దిక్కుమాలిన మెషీన్ మొత్తం మింగేసిందనీ ఓడెల్ నవ్వుతూ చెప్పాడు.

"ఫ్లాపీలోకి ఎక్కించుకోలేదా?"

"దేన్ని?"

హాలిస్ చేతిలో రొట్టె పళ్లెంలో పెట్టేశాడు. "ఆ మెషీన్ మీద ఒక్క బీట్ కట్టినవాడైనా ఆ తీగ జోలికి పోడు, నాయనా. ఇల్లు తగలబడుతున్నా ముందు ఫ్లాపీ వెతుక్కుంటాడు. ఇంతకీ ఈ ఇంట్లో బీట్లు కట్టేదెవరు?"

ఇంకెవరు, మా వాడేనంది మిస్ ఎర్లీన్. బల్ల కింద ఓడెల్ రెనీటా మోకాలు నొక్కాడు. ఈ ఒక్కసారికి గట్టెక్కించమని ఆ నొక్కుడికి అర్థం. ఇన్నేళ్లూ ఆ నొక్కుడికే ఆమె నవ్వి ఊరుకునేది. ఇవాళ కాలు పక్కకి తీసుకుంది.

"నేను," అంది. "అన్నీ నేనే కట్టాను. మీరు మెచ్చుకుని ఇక్కడిదాకా వచ్చినవి కూడా."

  అనేశాక చాలా హాయిగా ఉంది.

పోయిన బీట్ మళ్లీ వస్తుందా అని అడిగాడు హాలిస్.

"మెషీన్ మర్చిపోయింది. నేను మర్చిపోలేదు," అని లేచింది.

అందరూ ఆమె వెనకే దిగారు. కాలి కీళ్లనొప్పులని ఎప్పుడూ ఆ మెట్లు దిగని అత్తగారు కూడా దిగి, బట్టల బుట్ట పక్కన నిలబడింది. రెనీటా రికార్డు పెట్టింది. ఆ గుక్క మళ్లీ కత్తిరించింది, పొద్దుటికన్నా కాస్త పొట్టిగా. డ్రమ్స్ వేళ్లలోంచి వాటంతటవే వచ్చాయి. హాలిస్ తల ఊగడం మొదలైంది. ముందు ఫ్లాపీలోకి ఎక్కించింది. తర్వాత మైకు అందుకుని తన మాటలు మొదలుపెట్టింది. ఉతికిన దుప్పట్లూ, మాడని కోడీ, అదెంతసేపూ, అన్నీ వరసగా దూసుకొచ్చాయి. ఇంతసేపూ కింద ఇదా చేసేదానివి అంది మిస్ ఎర్లీన్, తిట్టినట్టు కాదు.

మొదటి చరణం అయ్యేసరికి ఓడెల్ మైకు కోసం చెయ్యి చాపాడు, అలవాటుగా. ఈ బీట్‌లో అతనికి ఖాళీ ఎక్కడా దొరకలేదు.

"నేనెక్కడ అందుకోవాలి, రెనీ?"

"అందుకోకు. కూర్చుని విను," అని రెనీటా రెండో చరణం ఎత్తుకుంది.